గుండెలో రక్త ప్రవాహం కంప్యూటర్‌లో ఎలా చేయాలి: మిల్లీలీటర్ల లెక్కతో మొదలుపెట్టండి

ఈ మధ్య వారానికి ఒకరన్నా అడుగుతున్నారు, "అన్నా, గుండెలో రక్తం తిరిగేది సిమ్యులేషన్ చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, నా ల్యాప్‌టాప్ మీద అయితదా" అని. ఎక్కువమంది ఎంటెక్ ప్రాజెక్టు వాళ్ళు, కొందరు అమీర్‌పేటలో సీఎఫ్‌డీ (ద్రవాలు, గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కేసే) కోర్సు చేసి పైపులు, ఫ్యాన్లు, కార్లు చేసి ఇప్పుడు కొత్తగా ఏదన్నా చేద్దామని వచ్చినవాళ్ళు. అందరికీ విడివిడిగా వాట్సాప్‌లో చెప్పి చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నా. ఒక్కసారి కూర్చుని మొత్తం చదవండి, చదివాక కూడా డౌటుంటే అప్పుడు అడగండి.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేది గుండె మొత్తం కాదు, ఎడమ వెంట్రికల్ ఒక్కటే, అంటే ఒళ్ళంతటికీ రక్తాన్ని నెట్టే కింది గది. గోడ ఎట్ల కదులుతదో స్కాన్ నుంచి తీసుకుని, ఆ కదలికకి లోపల రక్తం ఏం చేస్తదో లెక్కేస్తాం. కండరం బలం, కరెంటు సిగ్నళ్ళు, వాల్వు రెక్కలు ఊగడం ఇవన్నీ కలిపి చేసేది వేరే లెవెలు, దాని గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తా. ఇంకోటి, మీ నాన్న స్కాన్ తీసుకుని మీరే సిమ్యులేషన్ చేసి "డాక్టర్ చెప్పింది తప్పు" అనకండి ప్లీజ్, ఇది నేర్చుకోడానికి, రీసెర్చికి మాత్రమే.

అసలు సంగతి ఏందంటే ఇందులో రంగురంగుల బొమ్మ రావడం చాలా ఈజీ. తప్పుగా చేసిన సిమ్యులేషన్ కూడా బొమ్మలు చూపే పారావ్యూలో అద్భుతంగా కనిపిస్తది, గైడ్ కూడా "సూపర్" అంటాడు. అది నమ్మొచ్చా లేదా అనేది మిల్లీలీటర్ల లెక్క చెప్తది. ఇంట్లో సంపు, పైన ట్యాంకు, మోటరు చూస్తూ పెరిగినవాళ్ళమే కదా, సంపులోంచి ఎంత పోయిందో ట్యాంకులోకి అంతే రావాలి, రాకపోతే ఎక్కడో లీకు. ఇక్కడా అంతే. వాల్వులు కూడా బోరు మోటరు ఫుట్ వాల్వులాంటివే, ఒక వైపుకే పోనిస్తాయి.

ఏమేం కావాలి

కంప్యూటర్: 8 కోర్లు, 32 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తది. 16 జీబీతో కూడా అవుతది కానీ మెష్‌లో (గదిని చిన్న చిన్న గడులుగా, అంటే సెల్స్‌గా కోసిన జాలి) సెల్స్ తక్కువ పెట్టుకోవాలి. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పరిగెత్తకండి, ఇక్కడ చెప్పే పద్ధతి ప్రాసెసర్ మీదే నడుస్తది, ఆ డబ్బులు ర్యామ్ మీద, ఒక మంచి యూపీఎస్ మీద పెట్టండి. యూపీఎస్ ఎందుకో ఎనిమిదో స్టెప్పులో అర్థమవుతది.

సాఫ్ట్‌వేర్: స్కాన్ నుంచి ఆకారం తీయడానికి 3డి స్లైసర్, సిమ్యులేషన్‌కి ఓపెన్‌ఫోమ్, చూసుకోడానికి పారావ్యూ, గ్రాఫులకి పైథాన్. అన్నీ ఫ్రీ. విండోస్ వాళ్ళు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) వేసుకోండి, కాకపోతే కేస్ ఫోల్డర్‌ని లైనక్స్ వైపే పెట్టండి, సీ డ్రైవ్‌లో పెడితే ఫైళ్ళు రాయడం నత్తనడక. కాలేజీలో ఆన్సిస్ లైసెన్స్ ఉంటే అదీ ఓకే, స్టెప్పులు అవే. స్టూడెంట్ వెర్షన్‌లో సెల్స్ సంఖ్యకి లిమిట్ ఉంటది, అది చూసుకుని దిగండి.

డేటా: మూడు దారులున్నాయి. ఒకటి ఏసీడీసీ అనే ఓపెన్ డేటాసెట్, ఫ్రాన్స్‌లోని డిజాన్ యూనివర్సిటీ హాస్పిటల్‌లో తీసిన 150 మంది ఎంఆర్‌ఐలు. రెండోది మీ ప్రాజెక్టులో కార్డియాలజిస్ట్ ఉంటే హాస్పిటల్ సీటీ, దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి రాతపూర్వకంగా కావాలి, పేషెంట్ పేరు, నంబరు తీసేసిన ఫైళ్ళే మీ ల్యాప్‌టాప్‌లోకి రావాలి. "సార్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిండు" అంటే కుదరదు. మూడోది అసలు స్కానే లేకుండా సగం గుడ్డు ఆకారం గీసుకోవడం. మొదటిసారి చేసేవాళ్ళు ఈ మూడోదే పట్టుకోండని నా సలహా, ఎవరూ వినరు, అది వేరే విషయం.

1. ముందు ఒక పైపు చేయండి

నవ్వకండి. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 200 మిల్లీమీటర్ల పొడవున్న నిటారు పైపు, అందులో రక్తం సగటున సెకనుకి 5 సెంటీమీటర్లు, ఇన్‌లెట్ దగ్గర పారాబోలా ఆకారంలో వేగం ఇవ్వండి, మధ్యలో 10 సెంటీమీటర్లు వస్తది. పుస్తకం ఫార్ములా ప్రకారం రెండు చివరల మధ్య ప్రెజర్ తేడా 2.8 పాస్కల్ రావాలి. ఓపెన్‌ఫోమ్‌లో మాత్రం 2.8 కనపడదు, 0.00264 కనపడతది, ఎందుకంటే అది ప్రెజర్‌ని డెన్సిటీతో భాగించి చూపిస్తది. 1060తో గుణిస్తే పాస్కల్, దాన్ని 133.3తో భాగిస్తే మిల్లీమీటర్ ఆఫ్ మెర్క్యురీ. ఈ ఒక్క విషయం తెలీక ఎంతమంది రివ్యూలో నోరెళ్ళబెట్టారో.

ఇన్‌లెట్‌లో అంతటా ఒకే వేగం ఇచ్చి 2.8 రాలేదని మెసేజ్ పెట్టకండి, ఈ కేసులో ప్రవాహం పూర్తిగా కుదురుకోడానికే దాదాపు 30 సెంటీమీటర్లు కావాలి, మీ పైపు 20.

2. ఆకారం

గుడ్డు దారిలో వెళ్ళేవాళ్ళకి కొలతలు: గది నిండినప్పుడు అడ్డం సగం 2.6 సెంటీమీటర్లు, పొడవు 8.5 అంటే దాదాపు 120 మిల్లీలీటర్లు. ఖాళీ అయినప్పుడు 1.81, 7.3 అంటే దాదాపు 50. అంటే ఒక్కో బీట్‌కి 70 బయటికి, ఇజెక్షన్ ఫ్రాక్షన్ 58%, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్కే. ఇక్కడ ఒక ఇరకాటం ఉంది, నేనూ పడ్డా అందులో. పైన మూత మీద 2.5 సెంటీమీటర్ల మైట్రల్ రంధ్రం (రక్తం లోపలికొచ్చే వాల్వ్), 2.2 సెంటీమీటర్ల అయోర్టిక్ రంధ్రం (బయటికెళ్ళే వాల్వ్) పక్కపక్కన పట్టాలి. నిండినప్పుడు మూత 5.2 సెంటీమీటర్లు కాబట్టి ఎలాగోలా పడతాయి, ఖాళీ అయ్యేసరికి మూత 3.6కి కుంచించుకుపోతే ఎక్కడ పడతాయి? అందుకే మూతని 5.2 దగ్గరే బిగించి కింద భాగాన్నే లోపలికి లాగండి. అప్పుడు పై ఫార్ములా సరిపోదు, మీకు 50 వచ్చిందా లేదా అనేది మెష్ వాల్యూం కొలిచి చూస్కోవాలి.

స్కాన్ దారిలో వెళ్ళేవాళ్ళు స్లైసర్‌లో సెగ్మెంట్ ఎడిటర్‌తో రక్తం ఉన్న భాగాన్ని గుర్తించండి, కండరాన్ని కాదు. పాపిల్లరీ కండరాలు, లోపలి గరుకు పోగులు తీసేసి నున్నగా చేయడం మామూలే, కానీ స్మూతింగ్ స్లైడర్‌ని ఎడాపెడా లాగితే వాల్యూం తగ్గిపోతది, ముందు వెనక కొలవండి. ఎంఆర్‌ఐ అయితే ఇంకో తలనొప్పి, స్లైసుల మధ్య 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటది కాబట్టి ఆకారం మెట్లుమెట్లుగా వస్తది, పైన వాల్వుల దగ్గర, కింద కొస దగ్గర అసలు బొమ్మే సరిగా ఉండదు. ఏసీడీసీలో గీతలు గీసిచ్చింది కూడా నిండినప్పుడు, ఖాళీ అయినప్పుడు ఈ రెండు ఫ్రేములకే, మధ్యవన్నీ మీరే చేసుకోవాలి.

3. కదలిక: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే

మామూలుగా అందరూ చేసే పని, ప్రతి ఫ్రేముని విడిగా సెగ్మెంట్ చేసి పది పన్నెండు ఎస్‌టీఎల్ ఫైళ్ళు (ఉపరితలం ఆకారం ఉండే ఫైళ్ళు) తీసి "ఇప్పుడు వీటిని ఎలా కలపాలి అన్నా" అని అడగడం. కలపలేం. మొదటి ఫైల్లో 5,000 పాయింట్లుంటాయి, రెండోదాంట్లో 5,137, ఏ పాయింటు ఎటుపోయిందో ఎవడికి తెలుసు?

చేయాల్సింది ఇది: ఒక్క ఫ్రేమునే శ్రద్ధగా సెగ్మెంట్ చేయండి. ఆ ఫ్రేము బొమ్మని మిగతా ఫ్రేముల బొమ్మలతో రిజిస్టర్ చేయండి, అంటే ఒకదానిమీద ఒకటి సరిపడేలా సాగదీసి కలపడం, స్లైసర్‌లో ఎలాస్టిక్స్ ఎక్స్‌టెన్షన్ ఉంది, అది ప్రతి పాయింటు ఎంత జరిగిందో చెప్తది. ఆ జరుగుడుని మీ ఒక్క ఉపరితలం మీద వేయండి. అప్పుడు అన్ని ఫ్రేముల్లో పాయింట్లు అవే, లెక్క అదే, స్థానాలు మాత్రం మారతాయి. రిజిస్ట్రేషన్ అయ్యాక దాని ఫలితాన్ని అసలు బొమ్మ మీద గీతగా వేసి ప్రతి ఫ్రేము కళ్ళతో చూడండి, ఒక్క ఫ్రేములో గోడ దాటిపోయినా మొత్తం చెడుతది.

తర్వాత టైమ్. సీటీలో సాధారణంగా సైకిల్‌కి 10 ఫేజులు, ఎంఆర్‌ఐలో 20 నుంచి 30 ఫ్రేములు. మన సిమ్యులేషన్‌కి వేల స్టెప్పులు కావాలి, కాబట్టి మధ్యలో నింపాలి. గీత గీసినట్టు ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి నేరుగా నింపారనుకోండి, ప్రతి ఫ్రేము దగ్గర గోడ వేగం ఠక్కున మారుతది, ఠక్కున మారితే ప్రెజర్‌లో మేకులాంటి స్పైకులు. సిటీ బస్సులో డ్రైవర్ సడన్ బ్రేక్ కొడితే నిలబడ్డోళ్ళు ఏమవుతారో అదే. క్యూబిక్ స్ప్లైన్ వాడండి, అదీ పీరియాడిక్‌ది, అంటే చివరి ఫ్రేము మళ్ళీ మొదటిదాంట్లో మెత్తగా కలిసేది. పైథాన్‌లో సైపైలో ఒక్క ఆప్షన్.

వాల్వుల ప్లేన్ కూడా నిజం గుండెలో కదులుతది, సిస్టోల్‌లో (గది ముడుచుకునేటప్పుడు) కొసవైపు సెంటీమీటరు పైనే దిగుతది. తొలిసారి అది వద్దనుకుంటే, మొత్తం ఆకారం కదలిక నుంచి ఆ ప్లేన్ కదలికని తీసేయండి, అది నిలబడి ఉన్నట్టు, కొసే పైకొచ్చినట్టు అవుతది. గదితో పోల్చిన వేగాలు మారవు, ప్రెజర్‌లో ఒక చిన్న వాటా తప్పుతది, అది రిపోర్టులో రాసుకోండి.

4. సిమ్యులేషన్ మొదలుపెట్టకముందే వాల్యూం గ్రాఫ్

ప్రతి టైమ్‌కి గది వాల్యూం కొలిచి గ్రాఫ్ గీయండి. నిండుగా 120 అటూఇటూ, ఖాళీగా 50 అటూఇటూ, మళ్ళీ సరిగ్గా మొదలైన చోటికే రావాలి. 118 దగ్గర మొదలై 115 దగ్గర ముగిస్తే ప్రతి బీట్‌కి 3 మిల్లీలీటర్లు ఎవరో దొంగిలిస్తున్నట్టు, సిమ్యులేషన్ ఎంత బాగా నడిచినా లెక్క కుదరదు.

కాగితం మీద ఇంకో లెక్క చేసి గోడకి అతికించుకోండి. నిమిషానికి 75 బీట్లంటే సైకిల్ 0.8 సెకన్లు. నిండడానికి 0.5 సెకన్లనుకుంటే 70 మిల్లీలీటర్లకి సగటున సెకనుకి 140, దాన్ని 5 చదరపు సెంటీమీటర్ల మైట్రల్ దారితో భాగిస్తే సెకనుకి 28 సెంటీమీటర్లు. గరిష్ఠం దానికి రెండు మూడు రెట్లు, అంటే ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) మామూలుగా చూసే 60 నుంచి 90కి దగ్గర్లోనే. బయటికెళ్ళేటప్పుడు 0.3 సెకన్లలో 70, అంటే సెకనుకి 233, అయోర్టిక్ వాల్వ్ 22 మిల్లీమీటర్లయితే సగటు 61 సెంటీమీటర్లు, గరిష్ఠం మీటరు దాటొచ్చు. రేపు మీ సిమ్యులేషన్‌లో మైట్రల్ దగ్గర సెకనుకి 6 మీటర్లు కనిపిస్తే ఏదో కొత్త విషయం కనిపెట్టానని సంబరపడకుండా ఈ కాగితం చూడండి.

5. మెష్

స్లైసర్ నుంచి వచ్చే ఎస్‌టీఎల్ మిల్లీమీటర్లలో ఉంటది, ఓపెన్‌ఫోమ్ దాన్ని మీటర్లనుకుంటది. 85 మీటర్ల గుండె! తాటిచెట్టుకన్నా పొడవు. నేను మొదటిసారి ఇదే తప్పుతో మూడు వారాలు తిరిగా, మెష్ బానే వచ్చింది, రన్ బానే అయింది, బొమ్మ కూడా బానే ఉంది, రెనాల్డ్స్ నంబర్ (ప్రవాహం నున్నగా పోతదా, సుడులు తిరుగుతదా చెప్పే లెక్క) మాత్రం ఎక్కడికో పోయింది. సర్ఫేస్‌ట్రాన్స్‌ఫార్మ్‌పాయింట్స్ కమాండ్‌తో 0.001 స్కేల్ ఇచ్చి, సర్ఫేస్‌చెక్‌లో బౌండింగ్ బాక్స్ చూసి 0.085 ఉందా అని రూఢి చేసుకున్నాకే ముందుకెళ్ళండి.

మైట్రల్ పైన, అయోర్టా పైన కొంత పైపు పొడిగించండి, రెండు వ్యాసాలంతన్నా. రంధ్రం దగ్గరే బౌండరీ పెడితే సుడులు అక్కడ తగిలి లెక్కలు చేసే సొల్వర్‌ని చంపేస్తాయి.

సైజు లెక్క సింపుల్: 1 మిల్లీమీటర్ సెల్స్ అయితే 120 మిల్లీలీటర్లకి లక్షా ఇరవై వేలు, అర మిల్లీమీటర్ అయితే దాని 8 రెట్లు, అంటే దాదాపు 9.6 లక్షలు. సెటప్ అంతా 1 మిల్లీమీటర్ మీద సరిచూసుకుని తర్వాత అర మిల్లీమీటర్‌కి వెళ్ళండి. చెక్‌మెష్‌లో నాన్‌ఆర్థోగొనాలిటీ 70 లోపు, స్క్యూనెస్ 4 లోపు ఉండాలి, ఈ రెండూ సెల్స్ ఎంత వంకరగా ఉన్నాయో చెప్తాయి. అయితే అది మొదటి ఫ్రేముకి సరిపోతే చాలదు, గది సగానికన్నా తక్కువకి నలిగినప్పుడు సెల్స్ కూడా నలుగుతాయి. అందుకే రక్తం లేకుండా ఒట్టి మెష్‌ని ఒక సైకిల్ కదిపి చూడండి, మూవ్‌డైనమిక్‌మెష్ అని ఒక కమాండ్ ఉంది. నలిగి తలకిందులైతే ఒక చిట్కా: నిండిన ఆకారంలో కాకుండా మధ్యస్థంగా, 85 మిల్లీలీటర్ల దగ్గరి ఆకారంలో మెష్ చేయండి, అప్పుడు అటు కొంత సాగుతది ఇటు కొంత నలుగుతది, భారం పంచుకున్నట్టు.

6. రక్తం

డెన్సిటీ 1060, విస్కాసిటీ 0.0035 పాస్కల్ సెకన్. ఓపెన్‌ఫోమ్‌కి రెండోదాన్ని మొదటిదాంతో భాగించి 0.0000033 ఇవ్వాలి. ట్యుటోరియల్ కాపీ చేసి 0.00001 అలాగే వదిలేస్తారు చాలామంది, అది రక్తం కన్నా మూడు రెట్లు జిగట.

"రక్తం నాన్‌న్యూటోనియన్ కదా, కారో మోడల్ పెట్టాలా?" అంటే వేగాన్నిబట్టి రక్తం జిగట మారేలా పెట్టాలా అని. పెద్ద గదిలో అవసరం లేదు, చిన్న నాళాల్లో, రక్తం నిలిచిపోయే మూలల్లో తేడా వస్తది. ముందు మామూలుగా చేసి తర్వాత కారోతో ఒకసారి నడిపి తేడా చూపించండి, థీసిస్‌లో ఒక పేజీ కూడా నిండుతది.

టర్బులెన్స్: మైట్రల్ దగ్గర గరిష్ఠంగా రెనాల్డ్స్ 6,000 దాకా వస్తది కానీ అది క్షణకాలం. నేర్చుకునేవాళ్ళు లామినార్ (టర్బులెన్స్ మోడల్ లేకుండా) పెట్టి సెల్స్ చిన్నగా ఉంచండి. కోర్సులో నేర్పారని కె-ఎప్సిలాన్ (సుడుల్ని సగటు చేసి లెక్కేసే టర్బులెన్స్ మోడల్) మాత్రం పెట్టకండి, అది సుడులన్నిటినీ అంబలి చేసేస్తది. వాల్వ్ సన్నబడిన కేసులకైతే ఎల్‌ఈఎస్ (పెద్ద సుడుల్ని నేరుగా లెక్కేసే పద్ధతి) చూడండి.

7. బౌండరీలు: అసలు గొడవ

గోడకి నోస్లిప్ పెట్టకూడదు. నోస్లిప్ అంటే అక్కడ వేగం సున్నా, కానీ మన గోడ కదులుతోంది, రక్తం గోడతోపాటే కదలాలి. మూవింగ్‌వాల్‌వెలాసిటీ పెట్టాలి. ఇది తప్పితే గోడలోంచే రక్తం లీకవుతది, ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, అదే భయంకరం.

మైట్రల్ దగ్గర వేగం ఇవ్వకండి. ఎకో రిపోర్టులో వేగం ఉంది కదా అని అదీ ఇస్తారు, గోడ కదలికా ఇస్తారు. గోడ ఎంత సాగిందో దాన్నిబట్టి ఎంత రక్తం రావాలో ఆల్రెడీ నిర్ణయమైపోయింది, మళ్ళీ మీరు ఇంత అని చెప్తే ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ పట్టుకున్నట్టు. తెరిచి ఉన్న వాల్వ్ దగ్గర ప్రెజర్ ఇవ్వండి, వేగాన్ని సొల్వర్ తేల్చుకుంటది. వేగానికి ప్రెజర్‌ఇన్‌లెట్‌ఔట్‌లెట్‌వెలాసిటీ వాడితే కాస్త వెనక్కి తన్నినా తట్టుకుంటది.

ప్రెజర్ ఎంత ఇవ్వాలి? సున్నా ఇచ్చినా పర్లేదు. అవును, నిజంగానే. ఇన్‌కంప్రెసిబుల్ ఫ్లోలో తేడాలే ముఖ్యం, ఒకే వాల్వ్ తెరిచి ఉన్నప్పుడు దాని దగ్గర 0 ఇచ్చినా 120 మిల్లీమీటర్ ఆఫ్ మెర్క్యురీ ఇచ్చినా లోపలి వేగాలు అవే. 120 కనపడాలని పట్టుదల ఉంటే 16,000 పాస్కల్, 1060తో భాగిస్తే 15.1, అది పెట్టుకోండి.

వాల్వులు: మొదటిసారి రెక్కలు వద్దు, తెరిస్తే ఓపెన్ బౌండరీ, మూస్తే గోడ. అతి సులువైన పద్ధతి, డయాస్టోల్ (గది నిండే దశ) అయ్యేదాకా నడిపి ఆపి, బౌండరీ ఫైల్ మార్చి, ఆగిన చోటునుంచే సిస్టోల్ నడపడం. చిన్న షెల్ స్క్రిప్ట్ రాస్తే అదే మార్చుకుంటూ పోతది.

ఇక్కడ అందరూ పడే గుంత ఒకటుంది. నిజం గుండెలో రెండు వాల్వులూ మూసుకుని ఉండే కొన్ని మిల్లీసెకన్లు ఉంటాయి, ఆ టైమ్‌లో వాల్యూం మారదు. మీ స్కాన్ నుంచి వచ్చిన వాల్యూం మాత్రం అంత ఖచ్చితంగా ఉండదు, అర మిల్లీలీటరో ఒక మిల్లీలీటరో మారుతది. రెండు తలుపులూ మూసి గది కుదిస్తే రక్తం ఎటుపోవాలి? సొల్వర్ చచ్చిపోతది, లేదా ప్రెజర్ లక్షల్లోకి పోతది. కాబట్టి ఎప్పుడూ ఏదో ఒక వాల్వ్ తెరిచే ఉంచండి, వాల్యూం గరిష్ఠంగా ఉన్న క్షణంలో మైట్రల్ మూసి అయోర్టిక్ తెరవండి, కనిష్ఠం దగ్గర ఉల్టా. దీనివల్ల ఆ మూసి ఉన్న దశలో ప్రెజర్ పెరగడం అనేది మీ మోడల్‌లో ఉండదు. ఒప్పుకుని రాయండి, దాచిపెట్టి డిఫెన్స్‌లో దొరికిపోవడం కన్నా అది నయం.

8. నడపడం

సొల్వర్ పింపుల్‌ఫోమ్. టైమ్‌స్టెప్ ఊరికే పెట్టొద్దు, సెకనుకి 1.2 మీటర్ల వేగం, అర మిల్లీమీటర్ సెల్, కూరాంట్ నంబర్ (ఒక్క స్టెప్పులో రక్తం ఎన్ని సెల్స్ దాటుతదో ఆ లెక్క) 0.5 అంటే దాదాపు 0.0002 సెకన్లు, అంటే 0.8 సెకన్ల సైకిల్‌కి 4,000 స్టెప్పులు. ఒక్కో స్టెప్పుకి మీ మెషీన్ 10 సెకన్లు తీసుకుంటే సైకిల్‌కి 11 గంటలు. 5 సైకిళ్ళంటే 55 గంటలు, మధ్యలో మే నెల సాయంత్రం గాలిదుమారం, కరెంట్ పోవడం, మీరు ఏడవడం. అందుకే యూపీఎస్ అన్నా. స్టార్ట్‌ఫ్రమ్ దగ్గర లేటెస్ట్‌టైమ్ పెడితే ఆగిన చోటునుంచి మళ్ళీ అందుకుంటది.

అన్ని స్టెప్పులూ సేవ్ చేయకండి. పది లక్షల సెల్స్ కేసుకి ఒక్కసారి సేవ్ చేస్తే బైనరీలో సుమారు 100 ఎంబీ, 4,000 సార్లంటే 400 జీబీ. సైకిల్‌కి 50 సార్లు చాలు, 5 జీబీ.

5 సైకిళ్ళు ఎందుకంటే మనం మొదట గదిలో రక్తం కదలకుండా నిలబడి ఉందని మొదలుపెడతాం, అది అబద్ధం. ప్రతి బీట్‌కి 58% బయటికిపోతే 42% మిగులుతది, పూర్తిగా కలుస్తుందనుకుంటే 5 బీట్ల తర్వాత మొదటి రక్తం 1.3% మాత్రమే. మొదటి రెండు సైకిళ్ళు పారేయండి. మొదటి సైకిల్ బొమ్మే అందంగా ఉంటది, సుడి శుభ్రంగా కనిపిస్తది, దాన్నే పోస్టర్‌లో పెట్టాలనిపిస్తది, పెట్టకండి.

9. నమ్మొచ్చా లేదా చూసుకోవడం

మొదట లీకు. సర్ఫేస్‌ఫీల్డ్‌వాల్యూతో తెరిచిన బౌండరీ మీద ఫ్లో మొత్తం రాయించండి, దాన్ని మీ వాల్యూం గ్రాఫ్ వాలుతో పక్కపక్కన గీయండి. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడాలి, 1% కన్నా ఎక్కువ తేడా ఉంటే నోస్లిప్ దగ్గరికి వెనక్కి వెళ్ళండి. సైకిల్ మొత్తం కూడితే లోపలికి 70, బయటికి 70. ఇది కుదరకుండా ఇంకే గ్రాఫూ గీయొద్దు, టైమ్ వేస్ట్.

తర్వాత ప్రెజర్. అయోర్టిక్ దగ్గర గరిష్ఠ వేగం 1.2 మీటర్లయితే కార్డియాలజిస్టులు వాడే లెక్క, వేగం వర్గానికి 4 రెట్లు, దాదాపు 5.8 మిల్లీమీటర్ ఆఫ్ మెర్క్యురీ. మీ సిమ్యులేషన్‌లో గది లోపలికీ వాల్వ్‌కీ మధ్య అదే వరసలో రావాలి, 58 వస్తే యూనిట్ల గొడవే. ఫ్లో గరిష్ఠంగా ఉన్న క్షణంలోనే పోల్చండి, రక్తం ఇంకా వేగం పుంజుకుంటున్నప్పుడు దాన్ని నెట్టడానికి అదనంగా ప్రెజర్ కావాలి కాబట్టి అప్పుడు ఈ లెక్క తక్కువ చూపిస్తది.

తర్వాత ఆకారం. నిండే దశలో మైట్రల్ కింద ఉంగరంలాంటి సుడి రావాలి. నిజం గుండెలో అది రెండు వైపులా సమానంగా ఉండదు, ఒక వైపు పెద్దదై వచ్చిన రక్తాన్ని మెల్లగా అయోర్టా వైపు మళ్ళిస్తది, 2000లో కిల్నర్ బృందం నేచర్ పత్రికలో ఎంఆర్‌ఐతో ఇది చూపించింది. మీ దాంట్లో గుండ్రటి రంధ్రం, రెక్కలు లేవు కాబట్టి సుడి మరీ సమానంగా వస్తే కంగారుపడొద్దు, రెక్కలు లేకపోవడం వల్ల అని రాయండి. సుడే రాకపోతే మాత్రం మెష్ ముతకగా ఉంది, లేదా కె-ఎప్సిలాన్ వదల్లేదు మీరు.

చివరగా మెష్ పరీక్ష. 1 మిల్లీమీటర్, 0.7, 0.5, మూడింటి మీద నడిపి గరిష్ఠ వేగం, కైనెటిక్ ఎనర్జీ గ్రాఫ్ పోల్చండి, చివరి రెండింటి మధ్య తేడా 5% లోపు ఉంటే సరే. వాల్ షియర్ స్ట్రెస్ (రక్తం గోడని రాసుకుంటూ పోయే ఒత్తిడి) మాత్రం అంత త్వరగా కుదురుకోదు, పైగా మనం గోడ గరుకు అంతా నున్నగా చేసేశాం, అందుకే ఈ మోడల్ నుంచి షియర్ స్ట్రెస్ నంబర్లు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు, గైడ్ బలవంతపెడితే ట్రెండ్ మాత్రం చూపించండి.

ఎక్కువగా అడిగేవి ఇంకో రెండు

"వాల్వ్ రెక్కలు, కండరం కూడా పెట్టాలి, ఎలా?" నాలుగు వందల పేజీల పనికి స్వాగతం. అసలు ద్రవంలో ఊగే పొరల్ని లెక్కేసే ఇమ్మర్స్‌డ్ బౌండరీ పద్ధతిని 1972లో చార్లెస్ పెస్కిన్ గుండె వాల్వుల కోసమే తయారుచేశాడు, అంటే అంత మొండి సమస్య అన్నమాట. మీకు ఉన్న టైమ్ ఆరు నెలలే అయితే దిగకండి. టైముంటే ఓపెన్‌ఫోమ్‌తో కుస్తీ పట్టకుండా సిమ్‌వాస్కులర్ వాళ్ళ సొల్వర్ గానీ, మిలాన్ పాలిటెక్నిక్ వాళ్ళ లైఫెక్స్ గానీ చూడండి, రెండూ గుండె, రక్తనాళాల పనికి రాసినవి, లైఫెక్స్‌లో రెక్కల్ని మెష్ చేయకుండా అడ్డంకిలాగా పెట్టే పద్ధతి కూడా ఉంది.

"ఇది హాస్పిటళ్ళలో వాడతారా?" కరోనరీ నాళాల్లో సీటీ నుంచి ప్రెజర్ పడిపోవడం లెక్కేసే హార్ట్‌ఫ్లో పద్ధతికి అమెరికా ఎఫ్‌డీఏ 2014లో అనుమతి ఇచ్చింది, కానీ దాన్ని నాళంలోకి వైరు పంపి కొలిచిన ప్రెజర్లతో పేషెంట్ల మీద పోల్చి చూశాకే ఇచ్చింది. వెంట్రికల్ లోపలి ప్రవాహానికి అలా పోల్చుకోవాలంటే అదే మనిషికి 4డి ఫ్లో ఎంఆర్‌ఐ (రక్తం వేగాన్నే కొలిచే స్కాన్) ఉండాలి. మీ ప్రాజెక్టులో రేడియాలజీ వాళ్ళుంటే డేటా అడిగే రోజే ఈ ముక్క కూడా అడిగేయండి, ఏడాది తర్వాత ఆ పేషెంట్‌ని మళ్ళీ పిలవలేరు.

మెసేజ్ పెట్టేవాళ్ళు "రన్ అవట్లేదు" అని స్క్రీన్ ఫోటో తీసి పంపకుండా లాగ్ ఫైల్ చివరి వంద లైన్లు, చెక్‌మెష్ ఔట్‌పుట్, వాల్యూం గ్రాఫ్ ఈ మూడూ పంపండి. వాల్యూం గ్రాఫ్ లేకుండా వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న అదే.